అలుగు, తూము, మన స్విమ్మింగ్ పూల్

మే నెల, పొద్దున ఆరున్నర. మా అపార్ట్‌మెంట్ పూల్ గట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలోకి జార్చాను. కాసేపటికి తీసి చూసుకుంటే, నీటి మట్టం పిక్కలకు ఎక్కడ తగిలిందో సరిగ్గా అక్కడ సన్నటి జిడ్డు గీత. ముందు రోజు ఆదివారం. పిల్లలు, పెద్దలు, వచ్చిన చుట్టాలు అందరూ దిగారు. తలకు రాసుకున్న కొబ్బరినూనె, ఒంటికి పూసుకున్న సన్‌స్క్రీన్, చెమట అన్నీ కలిసి నీటి మీద పొరలా పరుచుకున్నాయి. ఏటవాలు ఎండలో ఆ పొర మీద రంగులు కూడా తేలుతున్నాయి, వాన వెలిసిన రోడ్డు మీద పెట్రోలు చుక్క పడ్డట్టు.

"రాత్రంతా మోటారు నడవలేదా తమ్ముడూ?" అని పూల్ చూసుకునే కుర్రాణ్ణి అడిగాను.

"నడిచింది సార్. కింద మట్టి ఉందని కంప్లయింట్ వచ్చింది కదా. స్కిమ్మర్ వాల్వులు రెండూ కట్టేసి మొత్తం మెయిన్ డ్రెయిన్ మీదే పెట్టా. కింది నుంచి లాగితే మట్టి పోతుందని."

స్కిమ్మర్ అంటే పూల్ గోడలో ఉండి నీటి పైపొరని లాగే నోరు, మెయిన్ డ్రెయిన్ అంటే అడుగునున్న జాలీ. వంగి చూశాను. లోతు వైపు అడుగున మట్టి ఎక్కడిదక్కడే ఉంది. పైది పోలేదు, కిందిదీ పోలేదు. మోటారుకి కరెంటు మాత్రం రాత్రంతా కాలింది.

ఆ అబ్బాయిని తప్పు పట్టలేను. అడుగున జాలీ ఉంది, దాని పేరులోనే 'డ్రెయిన్' ఉంది, బాత్రూమ్‌లో నీళ్లతో పాటు మట్టి జాలీలోకి పోవడం రోజూ చూస్తూనే ఉంటాం. ఇక్కడా అంతే అనుకోవడం సహజం. ఆ రోజు దాకా నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

మా పై అంతస్తులో ఇరిగేషన్ శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన పెద్దాయన ఉంటారు. వాకింగ్‌కి దిగి మా మాటలు విన్నారు. "చెరువుకి అలుగెందుకు, తూమెందుకు? రెండింట్లోంచీ పోయేవి నీళ్లే కదా, ఏదో ఒకటి సరిపోదా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా రెండో రౌండుకి వెళ్లిపోయారు. ఆ ప్రశ్న పట్టుకుని ఆలోచిస్తే పూల్ సగం అర్థమైపోయింది.

చెరువు నిండితే పైపైన ఉన్న నీరు అలుగు మీదుగా పొర్లిపోతుంది. దానితో పాటే ఆకులు, పుల్లలు, నురగ, నీటి మీద తేలేవన్నీ పోతాయి. తూము కింద ఉంటుంది, అడుగు నీటిని బయటికి వదులుతుంది. మరి తూము తెరిచినంత మాత్రాన చెరువులో పూడిక పోయిందా? పోయేదే అయితే, తూములున్న చెరువులకే 2015లో మిషన్ కాకతీయ పెట్టి పొక్లెయిన్లతో మట్టి తవ్వాల్సిన పనేముంది? పూల్ గోడకున్న స్కిమ్మర్ అలుగు లాంటిది. అడుగునున్న మెయిన్ డ్రెయిన్ తూము లాంటిది. చెరువులో నీరు తనంతట తాను పారుతుంది, పూల్లో మోటారు లాగుతుంది. తేడా అంతే.

ముందు నీళ్లు తిరిగే దారి చెప్పుకుందాం. పంపు రెండు చోట్ల నుంచి నీళ్లు లాగుతుంది, గోడలోని స్కిమ్మర్ల నుంచి, అడుగునున్న డ్రెయిన్ల నుంచి. ఆ రెండు పైపులూ ప్లాంట్ రూమ్‌లో వాల్వుల దగ్గర కలుస్తాయి. అక్కడి నుంచి శాండ్ ఫిల్టర్, ఆ తర్వాత క్లోరిన్, చివరికి గోడల్లోని ఇన్‌లెట్ల ద్వారా మళ్లీ పూల్లోకి. 'డ్రెయిన్' అన్న పేరు చూసి అది మురుగు కాలువకి పోతుందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మామూలు రోజుల్లో అందులోకి వెళ్లిన ప్రతి చుక్కా తిరిగి పూల్లోకే వస్తుంది.

ఇక స్కిమ్మర్. గట్టు మీద గుండ్రటి మూత తీస్తే కింద బుట్ట కనిపిస్తుంది. చాలామంది చూసేది అంతే. అసలు పనితనం ఆ బుట్టకి ముందు, గోడ నోటి దగ్గర ఊగే చిన్న ప్లాస్టిక్ రెప్పలో ఉంది. అడుగున కీలు, పైన తేలడానికి లోపల ఫోమ్ ముక్క. పంపు లాగినప్పుడు రెప్ప లోపలికి వాలుతుంది, కానీ పూర్తిగా పడిపోదు. నీటి మట్టానికి రెండు మూడు సెంటీమీటర్ల కింద ఆగి, దాని మీదుగా పలుచటి నీటి పొర మాత్రమే లోపలికి దూకేలా చేస్తుంది. అలుగు అంటే ఇదే, కాకపోతే మట్టాన్ని బట్టి తానే లేచి వాలే అలుగు.

ఆ పలుచదనం వల్ల ఎంత తేడా వస్తుందో మా పూల్ లెక్కలోనే చూడండి. పొడవు 15 మీటర్లు, వెడల్పు 6, సగటు లోతు 1.2. అంటే 1,08,000 లీటర్లు. ఆరు గంటల్లో ఒకసారి అంత పరిమాణం ఫిల్టర్ దాటాలంటే గంటకు 18,000 లీటర్లు లాగాలి, సెకనుకు ఐదు లీటర్లు. అందులో 70 శాతం రెండు స్కిమ్మర్ల నుంచి వస్తోందనుకుంటే ఒక్కో స్కిమ్మర్‌కి సెకనుకు 1.75 లీటర్లు. నోరు 20 సెంటీమీటర్ల వెడల్పు. రెప్ప లేకుండా 12 సెంటీమీటర్ల లోతు నీరంతా ఒకేసారి లోపలికి వస్తే వేగం సెకనుకు 7 సెంటీమీటర్లు. రెప్ప ఉండి 3 సెంటీమీటర్ల పొర మాత్రమే దూకితే 29 సెంటీమీటర్లు. అదే పంపు, అదే నీరు, వేగం నాలుగింతలు. పైగా లోపలికి వచ్చేదంతా మురికి ఎక్కువగా ఉండే పైపొర.

నీటి ఉపరితలంలో పైనున్న ఒక్క సెంటీమీటరు మందం తీసుకుంటే మా పూల్లో అది 900 లీటర్లు. రెండు స్కిమ్మర్లూ కలిసి నిమిషానికి 210 లీటర్లు తీసుకుంటాయి. అంటే ఆ జిడ్డు పొర మొత్తం స్కిమ్మర్ దగ్గరికి చేరగలిగితే నాలుగైదు నిమిషాల పని. నిజానికి అంత సాఫీగా చేరదు, మూలల్లో ఆగుతుంది, అలల్లో కలుస్తుంది. అయినా గంటలోపే తేడా కంటికి కనిపిస్తుంది. అడుగు డ్రెయిన్ నుంచి మాత్రమే లాగితే ఆ పొర కిందికి దిగి రావాల్సిన అవసరమే లేదు. నూనె నీటి మీద హాయిగా తేలుతూ రాత్రంతా అక్కడే ఉంటుంది. నా పిక్కల మీద జిడ్డు గీత కథ అదే.

రెప్పకి ఇంకో ఉపయోగం ఉంది. పంపు ఆగగానే అది నిటారుగా లేచి నోరు మూస్తుంది. బుట్టలో పడ్డ ఆకులు తిరిగి పూల్లోకి రావు. చాలా పూల్స్‌లో ఈ రెప్ప ఎప్పుడో విరిగి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. "అది లేకపోయినా నీళ్లు పోతున్నాయి కదా సార్" అంటారు. పోతాయి, మందంగా, నెమ్మదిగా, జిడ్డుని వదిలేసి.

స్కిమ్మర్ పనిచేయాలంటే నీటి మట్టం నోటికి సుమారు సగం దాకా ఉండాలి. ఎక్కువైతే రెప్ప నీటిలో మునిగిపోతుంది, పైపొర పట్టు తప్పుతుంది. జూలైలో నాలుగు రోజులు ముసురు పట్టాక ఇదే జరుగుతుంది. తక్కువైతే ఇంకా ఇబ్బంది. నీళ్లతో పాటు గాలి కూడా పోతుంది, ఇన్‌లెట్ల దగ్గర బుడగలు వస్తాయి, చివరికి పంపు గాలి పట్టి నీళ్లు లాగడం మానేస్తుంది. హైదరాబాద్ ఎండాకాలంలో పూల్ రోజుకు దాదాపు సెంటీమీటరు దాకా తగ్గొచ్చు. మాకు అది మళ్లీ 900 లీటర్లే. ట్యాంకర్లు కొనే నెలల్లో ఆ నీళ్లు పోయడానికి కమిటీకి మనసొప్పదు. మట్టం దిగుతుంది, స్కిమ్మర్ గుటకలేస్తుంది, ఆపరేటర్ స్కిమ్మర్ వాల్వు కట్టేసి డ్రెయిన్ మీదికి మార్చుకుంటాడు. మా కుర్రాడికి ఆ అలవాటు ముందు ఏడాది ఎండల్లో పట్టిందట. ఆ తర్వాత వానలొచ్చాయి, మట్టం పెరిగింది, వాల్వు మాత్రం చాలాకాలం అలాగే ఉండిపోయింది.

ముగ్గు పిండి పరీక్ష

అడుగు డ్రెయిన్ మట్టిని ఎందుకు లాగదు? నోటితో చెబితే మా కుర్రాడు నమ్మలేదు. నాకూ పూర్తిగా నమ్మకం కుదరలేదు. అందుకే ఒక రాత్రి పూల్ మూసేశాక పిడికెడు ముగ్గు పిండి తెప్పించాం. అతను లోతు వైపు మునిగి, ఒక డ్రెయిన్ చుట్టూ మూడు వలయాలు వేశాడు. ఒకటి జాలీకి ఆనుకుని, ఒకటి మూరెడు దూరంలో, ఒకటి రెండు మూరల దూరంలో. స్కిమ్మర్లు కట్టేసి మొత్తం డ్రెయిన్ల మీదే నడిపాం. పొద్దున చూస్తే జాలీకి ఆనుకున్న పిండి మాయం. మూరెడు దూరంలోది కాస్త చెదిరింది. బయటి వలయం ముగ్గు వేసినట్టే ఉంది.

కారణం చాలా సులువు. దీపం ముందు నిలబడి ఊదండి, జానెడు దూరం నుంచైనా ఆరిపోతుంది. అదే దూరం నుంచి గాలి లోపలికి పీల్చండి. ఊపిరితిత్తులు బద్దలయ్యేలా పీల్చినా దీపం కదలదు. ఊదినప్పుడు గాలి ఒక వైపుకే దూసుకుపోతుంది. పీల్చినప్పుడు ముందు నుంచి, పక్కల నుంచి, కింది నుంచి అన్ని వైపుల నుంచీ వస్తుంది, అందుకే ఏ ఒక్క వైపూ జోరు ఉండదు. గాలి గొట్టాలు డిజైన్ చేసేవాళ్లకి ఇది కంఠతా వచ్చిన లెక్క. ఊదే గొట్టం నుంచి వచ్చే గాలి పదో వంతుకి తగ్గడానికి గొట్టం వ్యాసానికి 30 రెట్ల దూరం పడుతుంది. పీల్చే గొట్టం దగ్గర ఒక్క వ్యాసం దూరంలోనే పదో వంతుకి పడిపోతుంది.

నీళ్లకీ ఇదే న్యాయం. మా పూల్ మొత్తం ఐదు లీటర్లూ రెండు డ్రెయిన్ల నుంచే లాగితే ఒక్కోదానికి సెకనుకు రెండున్నర లీటర్లు. డ్రెయిన్ నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో నీటి వేగం సెకనుకు సుమారు 4 సెంటీమీటర్లు. అరమీటరు దూరంలో ఒకటిన్నర మిల్లీమీటర్లు. మీటరు దూరంలో అర మిల్లీమీటరు కూడా లేదు. ఆ వేగానికి అడుగున కూర్చున్న ఇసుక రేణువు కదలడం సంగతి అటుంచి, తనకేదో తగిలిందని కూడా దానికి తెలియదు. అడుగు మట్టి పోవాలంటే బ్రష్ కొట్టాలి, వాక్యూమ్ పెట్టాలి, లేదా రోబో దింపాలి. వేరే దారి లేదు.

అయితే డ్రెయిన్ ఎందుకు? మట్టి కోసం కాదు, నీటి కోసం. పైనుంచి మాత్రమే లాగుతూ పోతే లోతు వైపు అడుగు నీరు కదలకుండా ఉండిపోతుంది. క్లోరిన్ సరిగా అందదు. అక్కడే గోడ మూలల్లో పాచి పట్టడం మొదలవుతుంది. వేడి చేసే పూల్ అయితే వెచ్చని నీరు పైనే తిరుగుతూ, కాళ్లకి చల్లగా తగులుతుంది. డ్రెయిన్ ఆ అడుగు నీటిని కొద్దికొద్దిగా పంపుకి అందిస్తుంది, దాని చోటులోకి పై నీరు దిగుతుంది. ఇంకో లాభం, స్కిమ్మర్ బుట్ట ఆకులతో నిండిపోయినా పంపుకి నీళ్లు పూర్తిగా ఆగవు.

ఒక అపోహ కూడా ఇక్కడే తేల్చేద్దాం. "కింది నుంచి లాగితే మోటారుకి లోడెక్కువ సార్" అని చాలామంది ప్లంబర్లు చెబుతారు. బావిలో చేద వేసినవాళ్లకి జవాబు తెలుసు. చేద నీళ్లలో ఉన్నంతసేపు బరువే తెలియదు, నీటి మట్టం దాటి పైకి వచ్చాకే చేతులు లాగుతాయి. పూల్లో నీరు ఎంత లోతు నుంచి వచ్చినా పంపు మోయాల్సింది పూల్ నీటి మట్టం నుంచి మాత్రమే. అడుగు నీటిని పైనున్న నీటి బరువే పైపులోకి నెట్టి పెడుతుంది. పంపుకి తేడా తెచ్చేది లోతు కాదు, పైపు పొడవు, సైజు, వంపులు.

ఆ వంపుల వల్లే ఇంకో తిరకాసు వస్తుంది. వాల్వు హ్యాండిల్ సరిగ్గా మధ్యలో పెడితే చెరి సగం వస్తుందనుకుంటాం. రాదు. ఏ పైపులో రాపిడి తక్కువుంటే నీళ్లు అటే ఎక్కువ వస్తాయి. డ్రెయిన్ పైపు లావుగా, స్కిమ్మర్ పైపు సన్నగా, నాలుగు ఎల్బోలతో ఉంటే, హ్యాండిల్ మధ్యలో ఉన్నా స్కిమ్మర్‌కి మిగిలేది కొంచెమే. ఫ్లో మీటర్ ఉంటే సరే, లేకపోతే నేను నమ్మేది రెప్పనే. రెప్ప లోపలికి వాలి, దాని మీదుగా నీరు గాజు పలకలా జారుతుంటే స్కిమ్మర్‌కి చాలినంత అందుతున్నట్టు. రెప్ప నిటారుగా నిలబడి మెల్లగా ఊగుతుంటే అందడం లేదు. హ్యాండిల్ జరపాలి, లేదా బుట్ట కడగాలి, లేదా ఫిల్టర్ నిండిపోయి బ్యాక్‌వాష్ (నీళ్లు వెనక్కి తిప్పి ఫిల్టర్‌ని కడగడం) అడుగుతోందని అర్థం.

ఎంత పైనుంచి, ఎంత కింది నుంచి? రోజువారీగా ఎక్కువ వాటా పైనుంచి తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం, మూడింట రెండొంతులు, వీలైతే ముప్పావు. మనుషులు తెచ్చే మురికి, గాలి తెచ్చే మురికి అన్నీ ముందు పైపొరలోనే చేరతాయి, అవి మునిగి కిందికి దిగకముందే పట్టుకోవడం తేలిక. జర్మనీ పబ్లిక్ పూల్స్ ప్రమాణం డిన్ 19643 ఈ దారిలో చాలా దూరం వెళ్లింది. అక్కడ నీళ్లు గట్టు అంచు మీదుగా చుట్టూ పొర్లి కాలువలో పడతాయి, అంటే పూల్ అంచంతా అలుగే. మన గేటెడ్ కమ్యూనిటీల్లో ఫ్యాషన్‌గా కడుతున్న ఓవర్‌ఫ్లో పూల్స్‌ది కూడా ఇదే పద్ధతి. పొర్లిన నీరు బ్యాలెన్సింగ్ ట్యాంకులో చేరి, అక్కడి నుంచి పంపుకి వెళ్తుంది. కొనేవాళ్లు అందం చూసి కొంటారు గానీ, శుభ్రత విషయంలోనూ అది మంచి ఏర్పాటే. ఖర్చు మాత్రం ఎక్కువ.

ఇక్కడిదాకా లాగేవాటి గురించే మాట్లాడాను. నిజానికి పూల్లో నీటిని తిప్పేవి అవి కావు, ఇన్‌లెట్లు. పైన దీపం ఉదాహరణ ఇంకోసారి గుర్తు చేసుకోండి. స్కిమ్మర్, డ్రెయిన్ రెండూ పీల్చేవే, వాటి పట్టు దగ్గరి దాకానే. ఊదేది ఇన్‌లెట్. మాకు నాలుగున్నాయి, ఒక్కోదానికి 20 మిల్లీమీటర్ల రంధ్రం. సెకనుకు లీటరుంబావు నీరు అందులోంచి వచ్చేటప్పుడు వేగం సెకనుకు నాలుగు మీటర్లు. మూడు మీటర్లు పోయాక కూడా ధార మధ్యలో సెకనుకు 15 సెంటీమీటర్ల పైమాటే మిగులుతుంది. డ్రెయిన్ నుంచి మీటరు దూరంలో అర మిల్లీమీటరు కూడా లేదన్నాం కదా, దానితో పోల్చి చూడండి. పైగా ఆ ధార తన పక్కనున్న నీటిని కూడా ఈడ్చుకుంటూ పోతుంది. లోపలికి వచ్చింది లీటరుంబావే అయినా, కొన్ని మీటర్లు పోయేసరికి దానికి పదుల రెట్ల నీరు కదులుతుంటుంది.

అందుకే ఇన్‌లెట్ నోటిలో ఉండే బంతి లాంటి నాజిల్, మా కుర్రాడు దాన్ని 'కనుగుడ్డు' అంటాడు, ఎటు తిరిగి ఉందన్నది చాలా ముఖ్యం. నాలుగూ ఎదురుగోడ వైపు చూస్తుంటే ధారలు మధ్యలో కొట్టుకుని ఆగిపోతాయి. ఒకే వైపుకి, కాస్త పక్కకి తిప్పితే పూల్ నీరంతా మెల్లగా ఒక చుట్టు తిరగడం మొదలుపెడుతుంది. ఆ చుట్టులో పైపొర స్కిమ్మర్ నోటి ముందు నుంచి వెళ్లాలి, అదే లక్ష్యం. నాజిల్ కొంచెం కిందికి వంచితే అడుగు నీరు కదులుతుంది. పైకి ఎత్తితే ఉపరితలం చెదిరి స్కిమ్మర్ గందరగోళపడుతుంది, నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి చెప్పే అంకె) కూడా త్వరగా పెరుగుతుంది.

కట్టేటప్పుడే ఆలోచించాల్సింది గాలి. మనకి నైరుతి రుతుపవనాల నెలల్లో గాలి పడమటి నుంచి గట్టిగా వీస్తుంది. ఆకులు, దుమ్ము, పురుగులు తూర్పు గట్టుకి కొట్టుకొస్తాయి. స్కిమ్మర్ అక్కడ ఉంటే గాలే సగం పని చేసి పెడుతుంది. మా బిల్డర్ రెండు స్కిమ్మర్లనూ పడమటి గోడలో పెట్టాడు, ప్లాంట్ రూమ్ దగ్గరని, పైపు ఖర్చు కలిసొస్తుందని. ఐదు వేల రూపాయల పైపు మిగిలి ఉంటుంది. మేం ఏటా జూన్ నుంచి సెప్టెంబరు దాకా తూర్పు గట్టున వల పట్టుకుని ఆకులు దేవుతున్నాం.

ఒకసారి తిప్పితే ఎంత శుభ్రం?

"ఆరు గంటల్లో నీళ్లన్నీ ఒకసారి ఫిల్టర్ అయిపోతాయి" అని కమిటీ మీటింగుల్లో వింటుంటాం. అవ్వవు. బిందెడు పసుపు నీళ్లలో బిందెడు మంచినీళ్లు మెల్లగా పోస్తూ పొర్లనివ్వండి. అంతా పోశాక బిందెలో పసుపు రంగు ఉంటుందా లేదా? ఉంటుంది, మూడో వంతుకి కొంచెం ఎక్కువే. ఎందుకంటే శుభ్రమైన నీరు లోపలికి రాగానే పాత నీటితో కలిసిపోయి, తానూ పొర్లిపోతుంటుంది. పూల్లోనూ అంతే. పూల్ పరిమాణమంత నీరు ఒకసారి ఫిల్టర్ దాటితే, నీరు బాగా కలుస్తున్న పూల్లో 63 శాతం మాత్రమే నిజంగా ఫిల్టర్ అవుతుంది. రెండు సార్లకి 86, మూడుకి 95, నాలుగుకి 98. 'బాగా కలుస్తున్న' అన్న మాటని మరిచిపోకండి. మెట్ల వెనక, నిచ్చెన కింద, చిన్నపిల్లల వైపు మూలల్లో నిలిచిపోయే నీటికి ఈ అంకెలు వర్తించవు. పంపు గంటలు పెంచితే ఆ మూలలు బాగుపడవు, నాజిల్ తిప్పితే బాగుపడొచ్చు.

ఇప్పుడు డ్రెయిన్ గురించి ఒక ముఖ్యమైన విషయం. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

దూరంలో అంత బలహీనంగా ఉండే ఆ లాగుడు, నోటికి ఆనుకుంటే ప్రాణాంతకం అవుతుంది. 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న డ్రెయిన్ నోటిని ఒక పిల్లవాడి పొట్టో వీపో పూర్తిగా మూసేసిందనుకోండి. పంపు వెనక నుంచి లాగుతూనే ఉంటుంది, పైపులో ఒత్తిడి పడిపోతుంది. వాతావరణ పీడనంలో సగం మేర పడినా, ఆ 314 చదరపు సెంటీమీటర్ల మీద పడే బలం దాదాపు 160 కిలోలు. ఎవరూ చేతులతో లాగి విడిపించలేరు. 2002 జూన్‌లో అమెరికాలోని వర్జీనియాలో ఒక హాట్ టబ్‌లో ఏడేళ్ల గ్రేమ్ బేకర్ ఇలాగే డ్రెయిన్‌కి అంటుకుపోయి చనిపోయింది. ఇద్దరు పెద్దవాళ్లు లాగితే, చివరికి డ్రెయిన్ మూత విరిగితే గానీ పాప బయటికి రాలేదు. ఆమె అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు. తల్లి నాన్సీ బేకర్ చట్టం కోసం పోరాడారు. 2007 డిసెంబరులో ఆ పాప పేరు మీదే చట్టం వచ్చింది, 2008 డిసెంబరు నుంచి అక్కడి పబ్లిక్ పూల్స్‌లో ఒంటికి అతుక్కుపోని డ్రెయిన్ మూతలు తప్పనిసరి అయ్యాయి.

మా పూల్లో రెండు డ్రెయిన్లు ఎందుకున్నాయో ఈ సంగతి తెలిశాక నాకు అర్థమైంది. అవి రెండూ ఒకే పైపుకి 'టీ' ఆకారపు పైపు ముక్క ద్వారా కలవాలి, మధ్య దూరం కనీసం మూడడుగులు ఉండాలి, ఒకదాన్ని విడిగా మూసే వాల్వు మధ్యలో ఉండకూడదు. ఒకదాన్ని శరీరం మూసేస్తే పంపు రెండో దాన్నుంచి నీళ్లు తీసుకుంటుంది, మొదటిదాని పట్టు సడలుతుంది. పిల్ల శరీరం ఒకేసారి రెండింటినీ మూయకుండా ఉండేందుకే ఆ మూడడుగులు. పూల్లో ఒకే డ్రెయిన్ ఉంటే, స్కిమ్మర్లు కట్టేసి మొత్తం దాని మీదే నడపడం మట్టి కోసమైనా సరే చేయకూడని పని. జుట్టు సంగతి వేరు, దానికి ఈ రెండో డ్రెయిన్ రక్షణ కూడా పూర్తిగా చాలదు. పొడవాటి జుట్టు జాలీలోంచి లోపలికి పోయి సుడిలో ముడిపడితే, పంపు ఆపినా వదలకపోవచ్చు. అందుకే మూత ఉబ్బెత్తుగా, వెడల్పుగా, నీళ్లు నెమ్మదిగా దూరేలా ఉండాలి. పూల్లో మునిగి అడుగు తాకే ఆట పిల్లలందరూ ఆడతారు. డ్రెయిన్ దగ్గర వద్దని చెప్పాల్సింది మనమే.

మరుసటి రోజు మా కుర్రాణ్ణి దింపి రెండు మూతలూ చేత్తో కదిపి చూడమన్నాను. ఒకటి గట్టిగా ఉంది. రెండోది కదిలింది, దానికుండాల్సిన రెండు స్క్రూల్లో ఒకటి లేదు. ఎప్పటి నుంచి లేదో ఎవరికీ తెలియదు. ఆ రోజు పూల్ మూసేశాం. పిల్లలు గేటు దగ్గర నిలబడి గొణిగారు. తుప్పు పట్టని స్క్రూ తెచ్చి బిగించేసరికి సాయంత్రం అయింది. స్క్రూ ధర కంటే ఆటో ఖర్చే ఎక్కువైంది.

ఇప్పుడు స్కిమ్మర్ వాల్వులు పూర్తిగా తెరిచి ఉంటాయి, డ్రెయిన్ హ్యాండిల్ మూడో వంతు దగ్గర పెయింటుతో గీత గీసి పెట్టాం. నాజిల్స్ నాలుగూ ఒకే చుట్టుకి తిప్పాం. తిప్పాక ఒక వేపాకు చిన్నపిల్లల మెట్ల దగ్గర వేసి వాచీ పట్టుకున్నాను. గోడ వెంబడి మెల్లగా బయలుదేరింది, లోతు వైపు తిరిగింది, పడమటి గోడ చేరి, స్కిమ్మర్ ముందుకి రాగానే ఒక్కసారిగా వేగం అందుకుని రెప్ప మీదుగా జారి బుట్టలో పడింది. ఆరు నిమిషాల చిల్లర. రెండో ఆకు వేశాను, అదీ వెళ్లింది. మూడోది నిచ్చెన వెనక్కి చేరి, అక్కడే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. పావుగంట చూశాను, బయటికి రాలేదు. నాజిల్ అటు ఇటు మార్చి చూశాం, లాభం లేదు. ఆ మూలకి వారానికి రెండుసార్లు బ్రష్ కొట్టాలని మా కుర్రాడు గోడ మీద చాక్‌పీసుతో రాసుకున్నాడు.